మారోవిండ్ తర్వాత అంతా దిగజారుడేనా?

ఎల్డర్ స్క్రోల్స్ అనే వీడియో గేమ్ సిరీస్ ఆడేవాళ్లు నలుగురు చేరితే చాలు, అయిదు నిమిషాల్లో ఈ మాట వచ్చి తీరుతుంది: “2002లో వచ్చిన మారోవిండ్ అసలైన ఆర్‌పీజీ (పాత్ర పోషించే ఆట). 2006లో ఆబ్లివియన్‌తో పలచబడింది. 2011లో స్కైరిమ్‌తో చిన్నపిల్లల ఆట అయిపోయింది.” సాక్ష్యంగా ఎప్పుడూ ఒకే చిట్టా విప్పుతారు. స్కిల్స్ తగ్గాయి, మ్యాప్ మీద నొక్కితే ఊరు చేరిపోతున్నాం, దారి చూపే బాణం వచ్చింది, కత్తి ఊపితే చాలు తగులుతోంది, శత్రువులు మన లెవెల్‌తో పాటే పెరుగుతున్నారు, ముఖ్యమైన మనుషులు చావరు, సొంతంగా మంత్రాలు తయారుచేసుకునే వీలు పోయింది.

నాకు మారోవిండ్ అంటే పడదనుకోకండి. అది జరిగే దీవిలో పెద్ద పెద్ద పుట్టగొడుగుల కింద నడిచినన్ని గంటలు నేను ఏ గేమ్‌లోనూ నడవలేదు. అందుకే ఈ వాదన వింటే చిరాకు. ఇందులో రెండు మూడు అంశాలు నిజమే, వాటి దగ్గరికి వచ్చినప్పుడు ఒప్పుకుంటాను. కానీ మిగతావి కష్టాన్నీ లోతునీ ఒకటే అనుకోవడం వల్ల పుట్టినవి. ఒక్కోటీ చూద్దాం.

“స్కిల్స్ తగ్గించుకుంటూ పోయారు”

లెక్క నిజమే. మారోవిండ్‌లో 27 స్కిల్స్, ఆబ్లివియన్‌లో 21, స్కైరిమ్‌లో 18. అయితే లెక్క 27 దగ్గరే ఎందుకు మొదలవ్వాలి? అంతకుముందు 1996లో డాగర్‌ఫాల్ వచ్చింది. అందులో 35 స్కిల్స్. ఓర్క్‌ల భాష ఒక స్కిల్, హార్పీల భాష ఇంకో స్కిల్, రాకాసుల భాష మరొకటి. సంఖ్యే కొలబద్ద అయితే మొదటి దిగజారుడు మారోవిండే. నిజానికి 2002లో డాగర్‌ఫాల్ అభిమానులు సరిగ్గా ఈ మాటే అన్నారు. పదిహేను వేలకు పైగా ఊళ్లూ చోట్లూ ఉన్న ప్రపంచాన్ని తీసేసి ఒక దీవి చేతిలో పెట్టారని గొడవ చేశారు. ఆ ఊళ్లన్నీ కంప్యూటర్ అచ్చుగుద్దినట్టు తయారుచేసినవి, ఒకదాంట్లో ఉంటే ఇంకోదాంట్లో ఉన్నట్టే. దీవిని మాత్రం మనుషులు కూర్చుని చేత్తో పేర్చారు. చిన్నదైనా అదే బాగుందని ఇవాళ అందరూ ఒప్పుకుంటారు. తగ్గించడం అప్పుడు మంచిదైనప్పుడు, ఆ తర్వాత చేసిన ప్రతి తగ్గింపూ చెడ్డదే ఎలా అవుతుంది?

ఇక ఆ 27 ఎలా పనిచేసేవో దగ్గరగా చూడండి. మన ముఖ్యమైన స్కిల్స్ అన్నీ కలిపి పదిసార్లు పెరిగితే, నిద్రపోయి లేవగానే లెవెల్ వస్తుంది. అప్పుడు బలం, తెలివి, చురుకుదనం లాంటి ఎనిమిది గుణాల్లో మూడింటిని పెంచుకోవచ్చు. ఏ గుణం ఎంత పెరుగుతుందనేది దాని కిందికి వచ్చే స్కిల్స్ ఆ లెవెల్‌లో ఎన్నిసార్లు పెరిగాయన్న దాన్నిబట్టి ఉంటుంది. పదిసార్లు పెరిగితే అయిదు పాయింట్లు. పైగా ప్రతి లెవెల్‌కీ వచ్చే ప్రాణశక్తి, అప్పటికి మన దారుఢ్యం ఎంతుంటే అందులో పదో వంతు. దారుఢ్యం ఆలస్యంగా పెంచితే ముందు పోయింది తిరిగి రాదు. అంచేత నేనేం చేసేవాణ్నంటే, పక్కన నోట్‌బుక్ పెట్టుకుని గీతలు గీసుకునేవాణ్ని. ఈటె స్కిల్ దారుఢ్యం కిందికి వస్తుంది. ఆట మొత్తంలో ఒక్కసారి కూడా ఈటె పట్టని నా పాత్ర, గురువుకి డబ్బు కట్టి ఈటె నేర్చుకునేది! కొత్త గేమ్స్‌లో ఈటె లేదని బాధపడేవాళ్లని చూస్తే నాకు ఆ నోట్‌బుక్కే గుర్తొస్తుంది. ఇది పాత్ర పోషణ కాదు, చిట్టాపద్దులు రాయడం.

స్కైరిమ్ ఆ గుణాలన్నీ పీకేసి ప్రాణం, మంత్రశక్తి, ఓపిక అని మూడు మిగిల్చింది. పెర్క్‌లు, అంటే లెవెల్ పెరిగినప్పుడు ఎంచుకునే అదనపు లాభాలు, పెట్టింది. వాటిలో చాలా భాగం “ఇంకో ఇరవై శాతం దెబ్బ” తరహావేనని నేనూ విసుక్కున్నాను. కానీ పాత లెక్కలు అందరికీ తలనొప్పేనని 2025 ఏప్రిల్‌లో కొత్త మెరుగులతో మళ్లీ వచ్చిన ఆబ్లివియన్ రీమాస్టర్ చూస్తే తెలిసిపోతుంది. ఎనిమిది గుణాలూ ఉంచారు, పదిసార్లు పెరిగితే అయిదు పాయింట్లనే లెక్క మాత్రం ఎత్తేశారు. లెవెల్‌కి 12 పాయింట్లు, నీకు నచ్చిన మూడు గుణాల దాకా పంచుకో అన్నారు. పోయిన లోతేమీ లేదు. నోట్‌బుక్ పోయింది, అంతే. (ఆబ్లివియన్‌లో గొడ్డలిని మొద్దు ఆయుధాల్లో కలిపేశారు. దాన్ని మాత్రం నేను సమర్థించలేను.)

“మ్యాప్ మీద నొక్కి ప్రయాణించడం కొత్తవాళ్ల బద్ధకం”

ఇది చరిత్ర తెలియక అనే మాట. డాగర్‌ఫాల్‌లో మ్యాప్ తెరిచి ఊరి మీద నొక్కే వెళ్లేవాళ్లం. జాగ్రత్తగా వెళ్తావా దూకుడుగానా, సత్రాల్లో పడుకుంటావా బయటేనా, నడకా ఓడా అని అడిగి మరీ తీసుకెళ్లేది. సిరీస్‌లో ఆ వసతి లేని పెద్ద గేమ్ మారోవిండ్ ఒక్కటే. దాని ప్రయాణ ఏర్పాటు అద్భుతం, కాదనను. సిల్ట్ స్ట్రైడర్ అనే బ్రహ్మాండమైన పురుగు మీద ఒక ఊరు, పడవలో ఇంకో ఊరు, మంత్రగాళ్ల గిల్డ్‌లో (సంఘంలో) డబ్బిచ్చి మరో ఊరు... బస్సు మారి రైలెక్కినట్టు ఉంటుంది. ఇది మారోవిండ్ గొప్ప. అంతేగాని “పూర్వం ఇలాగే ఉండేది” అనకండి, పూర్వం ఇలా లేదు. స్కైరిమ్‌లోనూ అయిదు పెద్ద నగరాల బయట గుర్రబ్బండ్లున్నాయి. మ్యాప్ నొక్కడం ఇష్టంలేకపోతే అవి ఎక్కి ఆడొచ్చు. నేను రెండోసారి అలాగే ఆడాను.

“బాణం వచ్చాక వెతకడం చచ్చిపోయింది”

అసలు బలమైన అంశం ఇదే, కాస్త తీరిగ్గా మాట్లాడుకుందాం. ముందు ఒక సవరణ: దిక్సూచి మీద గురి చూపించే బాణం స్కైరిమ్ తెచ్చింది కాదు, ఆబ్లివియన్‌లోనే ఉంది.

బాణం లేని రోజుల్లో వెతకడం అంత రమ్యంగా ఉండేదా? బాల్మోరా ఊళ్లో కాయస్ కొసాడెస్ అనే ముసలి గూఢచారి మనల్ని హాస్ఫాట్ దగ్గరికి పంపుతాడు. అతను ఆర్క్‌న్‌థాండ్ అనే చోట, డ్వెమర్ అనే మాయమైపోయిన జాతి శిథిలాల్లో ఒక చిన్న పజిల్ బాక్స్ ఉంది, తెమ్మంటాడు. అసలు కథలో దాదాపు మొదటి పని ఇది. ఊరు దాటి, నది దాటి, కొండ ఎక్కితే శిథిలాలు కనపడతాయి. తలుపు లేదు. దగ్గర్లో ఒక గొట్టానికున్న పిడి తిప్పితే రాతి ద్వారం తెరుచుకుంటుంది. ఇంతవరకు మజాగానే ఉంది. లోపలికి వెళ్లాక మొదలవుతుంది అసలు బాధ. పెట్టె అరచేతిలో పట్టేంత ఉంటుంది. చుట్టూ గోడలూ అరలూ అన్నీ అదే గోధుమ రంగు. నేను అక్కడ ఒక సాయంత్రం మొత్తం తిరిగాను. దొంగలందర్నీ చంపేశాను, కింద వరకూ వెళ్లాను, మళ్లీ పైకొచ్చాను. చివరికి అప్పటికే రెండుసార్లు తొంగిచూసి వచ్చేసిన గదిలో, ఒక అర మీద దొరికింది. ఆ క్షణంలో గెలిచినట్టనిపించలేదు. ఇంట్లో కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఊరంతా వెతికినట్టనిపించింది.

జర్నల్ సంగతి ఇంకా ఘోరం. గేమ్ విడుదలైనప్పుడు అది రోజువారీ డైరీలా వరసగా రాసుకుంటూ పోయేదే. పది పనులు నెత్తినేసుకుంటే, మూడో పనికి ఎవరేం దారి చెప్పారో తెలుసుకోవడానికి పేజీలు వెనక్కి తిప్పుతూ కూర్చోవాలి. పనులవారీగా విడదీసి చూసే వీలు ఆ ఏడాది చివర్లో ట్రిబ్యునల్ అనే అదనపు భాగంతోనే వచ్చింది. అంటే చేసినవాళ్లకే ఇది పొరపాటని తెలిసింది. కొన్ని పనుల్లో మనుషులు చెప్పే దిక్కులు కూడా తప్పే. తూర్పన్న చోట పడమర. దాన్ని కూడా “సహజత్వం” అంటారా? మా ఊళ్లో దారి అడిగితే తప్పు చెప్పేవాళ్లున్న మాట నిజమే గాని.

అయినా ఇక్కడ స్కైరిమ్‌ని పూర్తిగా వెనకేసుకురాను. బాణం పెట్టడం తప్పు కాదు. బాణం ఉంది కదా అని మాటల్లోంచి దారి తీసేయడం తప్పు. స్కైరిమ్‌లో బాణం ఆపేసి ఆడదామంటే, చాలా పనుల్లో ఎదుటివాడు “ఫలానా గుహలో ఉంది” అంటాడే తప్ప ఆ గుహ ఎటుందో చెప్పడు. ప్రతి మాటనీ నటులతో పలికించడం మొదలెట్టాక మాటలు కుదించుకోవాల్సి వచ్చిందని నా అనుమానం. మారోవిండ్‌లో ఎక్కువ భాగం చదువుకునే మాటలే, ఇంకో నాలుగు వాక్యాలు చేరిస్తే పోయేదేమీ లేదు.

కానీ “వెతకడం చచ్చిపోయింది” అనేవాళ్లని నేను ఒక్క చోటికి పంపుతాను. స్కైరిమ్ ఉత్తరాన మంచు కొండల మధ్య ఫ్రాస్ట్‌ఫ్లో అనే లైట్‌హౌస్ ఉంటుంది. అక్కడికి వెళ్లమని ఎవరూ చెప్పరు. దూరం నుంచి కనపడి మనంతట మనమే వెళ్లాలి. తలుపు తీస్తే నేల మీద ఒక స్త్రీ శవం. ఇల్లంతా చిందరవందర. అక్కడక్కడా నోటుపుస్తకాలు. భర్త హబ్ద్ సముద్రం మీద బతికినవాడు, కుటుంబంతో ఇక్కడ స్థిరపడదామని వచ్చాడు. పిల్లలకి ఈ చలి, ఈ ఒంటరితనం ఇష్టం లేదు. నేలమాళిగలోంచి ఏవో గీకుతున్న చప్పుళ్లు వస్తున్నాయని రాసుకున్నారు. తాళంచెవి వెతికి కిందికి దిగితే ఫాల్మర్లనే గుడ్డి గుహవాసులూ, చారస్ అనే పెద్ద పురుగులూ. పిల్లలకి ఏమైందో అక్కడ తెలుస్తుంది. అన్నిటికంటే కింద ఉన్న పెద్ద చారస్‌ని చంపి, దాని ఒంట్లో వెతికితే హబ్ద్ అవశేషాలు దొరుకుతాయి. అతని రాతల్లో ఒక కోరిక ఉంటుంది. ఆ అవశేషాల్ని పైకి తెచ్చి లైట్‌హౌస్ మంటలో వేస్తే, ఆ కోరిక తీర్చినందుకు ఒక చిన్న వరం దక్కుతుంది. ఇదంతా బాణం చూసి పరిగెత్తేవాడికి దక్కదు, ఆగి చదివినవాడికే.

తమాషా ఏంటంటే మారోవిండ్ మొదటి ఊరు సేడా నీన్‌లోనూ ఒక లైట్‌హౌస్ ఉంది. ఫార్గోత్ అనే పొట్టివాడు డబ్బెక్కడ దాస్తాడో రాత్రిపూట దాని మీద నుంచి కాపు కాసి కనిపెట్టాలి. చీకట్లో వాడు దిక్కులు చూసుకుంటూ వెళ్లి నీళ్లలోని మొద్దు దగ్గర వంగడం చూస్తే ఇప్పటికీ నవ్వొస్తుంది. రెండు లైట్‌హౌస్‌లూ తొమ్మిదేళ్ల తేడాతో ఒకే సంస్థ చేసినవే. రెండూ చూసినవాడు ఒకటి తెలివైనది, ఇంకోటి మొద్దుది అనలేడు.

“కత్తి తగలాలంటే అప్పట్లో స్కిల్ ఉండాలి”

మా తమ్ముడికి మొదటిసారి మారోవిండ్ చూపించాను. పొడవు కత్తి తిప్పే యోధుణ్ని తయారుచేసుకున్నాడు. మొదటి ఆఫీసులో బల్ల మీదున్న బాకు తీసుకున్నాడు, ఊరి బయటికి పరిగెత్తాడు, బురదపీత మీద పడ్డాడు. పొడిచాడు, పొడిచాడు, పొడిచాడు. “అన్నయ్యా, కత్తి దాని ఒంట్లోంచి దూరి బయటికొస్తోంది, తగల్లేదంటాడేంటి వీడు?” అన్నాడు.

లెక్క చెప్తాను. తగిలే అవకాశం అంటే ఆయుధం స్కిల్, చురుకుదనంలో అయిదో వంతు, అదృష్టంలో పదో వంతు కలిపి, ఓపికని బట్టి దాన్ని ముప్పాతిక నుంచి ఒకటింపావు రెట్ల దాకా మార్చడం. బాకు అంటే పొట్టి కత్తి. పొడవు కత్తి యోధుడికి పొట్టి కత్తి స్కిల్ అయిదే ఉండొచ్చు. చురుకుదనం 40, అదృష్టం 40 అనుకుంటే మొత్తం 17. పరిగెత్తి పరిగెత్తి ఓపిక సున్నాకి వచ్చింది కాబట్టి అందులో ముప్పాతిక, అంటే 13 లోపే. పీత తప్పించుకునే శక్తి ఇంకా తీసెయ్యాలి. అదే స్కిల్ 40 ఉన్న ఆయుధంతో, నడిచి వచ్చి కొడితే 65. ఇది తెలిస్తే మారోవిండ్ యుద్ధం న్యాయంగానే ఉంటుంది. కానీ ఈ సంగతి గేమ్ ఆ క్షణంలో చెప్పదు. తెర మీద కత్తి తగులుతుంది, లెక్కలో తగలదు. కళ్లకి ఒకటి చూపించి చెవిలో ఇంకోటి చెప్పడం లోతు కాదు. పై నుంచి చూస్తూ ఆడే గేమ్‌లో పాచికలు బాగుంటాయి. మన చేతిలోనే కత్తి ఉన్నట్టు చూపించేటప్పుడు అవి పొసగవు. ఆబ్లివియన్ ఆ పాచికలు తీసేసి స్కిల్‌ని దెబ్బ బలంలోకి మార్చింది. నేను దాన్ని మెరుగనే అంటాను.

“శత్రువులు మనతో పాటే పెరుగుతారు, ఇక ఎదగడానికి అర్థమేంటి”

ఆబ్లివియన్ గురించైతే నోరు మూసుకుని ఒప్పుకోవాలి. పై లెవెల్స్‌లో రోడ్డు మీద దారికాచే దొంగ ఒంటి నిండా గాజు కవచం వేసుకుని ఎదురొచ్చి, వంద సెప్టిమ్‌లు ఇవ్వమని బెదిరిస్తాడు. ఒంటి మీద అంత ఆస్తి పెట్టుకుని నా వందెందుకురా నీకు?

కానీ ఇదే అంశం “మెట్టు మెట్టుకీ దిగజారుడు” అన్న వాదన నడుం విరగ్గొడుతుంది. ఎందుకంటే స్కైరిమ్ దీన్ని చాలావరకు సరిదిద్దింది. చోటుచోటుకీ కనీస లెవెల్ పెట్టింది, మొదటిసారి అడుగుపెట్టినప్పుడున్న లెవెల్ దగ్గర ఆ చోటుని ఆపేసింది. వైట్‌రన్ నగరం దగ్గర మామత్‌లు కాసుకునే రాకాసివాణ్ని మొదటి లెవెల్స్‌లో కెలికి చూడండి. ఒక్క గద దెబ్బకి మేఘాల్లో తేలతారు. ఇంకోటి, మారోవిండ్‌లోనూ లెవెల్‌ని బట్టి మారే శత్రువుల పట్టికలున్నాయి. అక్కడ నిజంగా గొప్పది చేత్తో దాచిపెట్టిన నిధులు. కాకపోతే ఆట సగానికి వచ్చేసరికి మనల్ని భయపెట్టేది ఏదీ మిగలదు. తెలివి పెంచే మందు తాగి, ఆ తెలివితో ఇంకా పెద్ద మందు చేసి, అది తాగి ఇంకోటి చేసి... కాల్డెరాలో అయిదువేల బంగారంతో కూర్చుని పూర్తి ధరకి కొనే బుల్లి భూతానికి అమ్ముకుంటే సరి. నేను చేశాను, సిగ్గులేదు.

“అప్పుడు ఎవర్నైనా చంపొచ్చు, ప్రపంచం సజీవంగా ఉండేది”

మొదటి సగం నిజం. కథకి అవసరమైనవాణ్ని చంపితే, విధి రాసిన దారం తెగిపోయింది, సేవ్ చేసుకున్న ఆట వెనక్కి తెచ్చుకుంటావా లేక నువ్వు పాడుచేసిన ప్రపంచంలోనే ఉంటావా అని అడుగుతుంది మారోవిండ్. అంత దర్జా ఏ గేమ్‌కీ లేదు. స్కైరిమ్‌లో అలాంటివాళ్లు మోకాళ్ల మీద కూలబడి, కాసేపటికి దులుపుకుని లేస్తారు. రిఫ్టెన్‌లో ఊరంతా గుప్పిట్లో పెట్టుకున్న మావెన్ మీద చెయ్యెత్తలేకపోవడం నాకూ మంట.

రెండో సగం అబద్ధం. మారోవిండ్‌లో కొట్టువాడు పగలూ రాత్రీ కౌంటర్ వెనకే నిలబడి ఉంటాడు. తిండి లేదు, నిద్ర లేదు. బాల్మోరా వీధిలో పదిమందిని ఊరి గురించి అడిగితే పదిమందీ ఒకే పేరా అప్పజెప్తారు. పొద్దున లేచి, కొట్టు తీసి, సాయంత్రం సత్రంలో కూర్చునే మనుషులు ఆబ్లివియన్‌తోనే వచ్చారు. అలా తిరిగే మనుషులు దారిలో ఏ తోడేలుకో బలైతే కథ ఆగిపోతుంది కాబట్టే వాళ్లకి చావు లేకుండా చేశారు. ఫార్గోత్ రాత్రి నడక మనకి అంత గుర్తుండటానికి కారణం, ఆ ఊళ్లో ఒక పని పెట్టుకుని ఒక చోటికి నడిచేది దాదాపు వాడొక్కడే కావడం.

దూరపు కొండలు నునుపంటారు. మారోవిండ్‌లో దూరపు కొండలు అసలు కనపడవు, అంతా పొగమంచు. అభిమానులు తయారుచేసిన ఇప్పటి ఓపెన్ఎండబ్ల్యూ ఇంజిన్‌లో ఆ మంచు తీసేసి చూస్తే, అంత పెద్ద దీవి అనుకున్నది ఎంత చిన్నదో తెలిసి ఉసూరుమంటాం.

“మంత్రాలు, గిల్డ్‌లు నాశనం చేశారు”

ఇక్కడ చేతులెత్తేస్తున్నాను. 1994 నాటి అరీనా నుంచి ఆబ్లివియన్ వరకు ప్రతి గేమ్‌లోనూ మనకి కావలసిన మంత్రం మనమే కుట్టుకునే వీలుండేది. స్కైరిమ్ తీసేసింది. దానికి ఏ సమర్థనా నాకు నచ్చలేదు. గాల్లో తేలే మంత్రం సంగతి వేరు. నగరాల్ని గోడల వెనక విడి ముక్కలుగా చేశాక ఎగిరితే లోపలి డొల్లతనం బయటపడుతుంది కాబట్టి ఆబ్లివియన్ దాన్ని వదిలేసింది. ఆ పని కూడా మొదట చేసింది మారోవిండ్ కుటుంబమే. ట్రిబ్యునల్‌లోని మోర్న్‌హోల్డ్ నగరంలో ఎగరనివ్వరు.

గిల్డ్‌లైతే మరీ అన్యాయం. మారోవిండ్‌లో పై హోదా కావాలంటే ఆ గిల్డ్ మెచ్చే స్కిల్స్ ఇంత ఉండాలని మొహం మీదే చెప్పి పంపించేసేవాళ్లు. ఆబ్లివియన్‌లో ఆ షరతు పోయింది. అయితే మంత్రగాళ్ల గిల్డ్‌లో చేరాక ఊరూరా తిరిగి సిఫార్సులు తెచ్చుకుంటే గాని విశ్వవిద్యాలయంలోకి రానిచ్చేవాళ్లు కాదు. స్కైరిమ్‌లో మంత్రవిద్య నేర్పే వింటర్‌హోల్డ్ కాలేజీ వంతెన దగ్గర నిలబడే ఫరాల్డా ఒక మంత్రం వేసి చూపించమంటుంది. రాకపోతే తనే 30 సెప్టిమ్‌లకి అమ్ముతుంది. అక్కణ్నుంచి రెండు చేతుల గొడ్డలితో దారిలో అడ్డొచ్చినవాళ్లని నరుక్కుంటూ వెళ్లిన మా తమ్ముడు నేరుగా ఆర్చ్‌మేజ్ (ఆ కాలేజీకి పెద్ద) అయ్యాడు.

ఆరో భాగం వస్తోందని 2018 జూన్‌లో ప్రకటించారు, ఇంకా ఎదురుచూస్తున్నాం. నోట్‌బుక్ లెక్కలూ తగలని కత్తీ తిరిగి తెమ్మని నేను అడగను. దారి అడిగితే నోటితో చెప్పే మనుషుల్ని పెట్టండి, మంత్రాలు కుట్టుకునే బల్ల వెనక్కి ఇవ్వండి, ఆర్చ్‌మేజ్ అంగీ తొడిగే ముందు కనీసం నాలుగు మంత్రాలొచ్చా అని అడగండి.